చిన్న గాలి సొరంగం నుంచి శ్రీహరికోట దాకా: ఆచార్య సతీష్ ధవన్ జీవితం

(సెప్టెంబరు 25 – సతీష్ ధవన్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మందస, సెప్టెంబరు 25: భారత అంతరిక్ష కార్యక్రమానికి పన్నెండేళ్లపాటు సారథ్యం వహించిన ఆచార్య సతీష్ ధవన్ పేరు వినగానే శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రం గుర్తుకు వస్తుంది. అయితే ఆయన రాకెట్ల రంగంలో అడుగిడడానికి ఎంతో ముందే, 1950వ దశకంలో, బెంగళూరులో దేశంలోనే మొట్టమొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ను నిర్మించిన ఇంజనీరు అన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. ధ్వని కంటే వేగంగా వీచే గాలిని గదిలో సృష్టించి, అందులో విమానాల, రాకెట్ల నమూనాలను నిలిపి పరీక్షించే సాధనమది. ముందుగా నేలమీద పరీక్షించుకోవాలి, ఆ తరువాతే ఆకాశంలోకి పంపాలి, పంపినది విఫలమైతే ఆ బాధ్యతను పై అధికారి స్వీకరించాలి అన్న పద్ధతిని ఆయన దేశంలో పాదుకొల్పారు. తుపానుల దారిలో ఉన్న మందస, పలాస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు మండలాల తీరప్రాంత ప్రజలకు నేడు ముందస్తు హెచ్చరికలు అందుతున్నాయంటే, అందుకు దోహదపడిన సుదీర్ఘ కృషిలో ధవన్ పాత్ర ప్రముఖమైనది.

బాల్యం – విద్యాభ్యాసం

సతీష్ ధవన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. తండ్రి న్యాయమూర్తిగా పనిచేశారు. దేశ విభజన కాలంలో నిరాశ్రయుల పునరావాస కమిషనర్‌గానూ బాధ్యతలు నిర్వహించారు. ధవన్ ఉన్నత విద్య లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో సాగింది. గణితం, భౌతికశాస్త్రాలతో బి.ఎ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఎ., మెకానికల్ ఇంజనీరింగులో బి.ఇ. పట్టాలను ఆయన అక్కడే పొందారు. గణితము, సాహిత్యము, యంత్రశాస్త్రము అనే ఈ మూడింటి కలయిక ఆయన వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దింది. లెక్కలో నిక్కచ్చితనం, మాటలో పొదుపు, చేతిపనిమీద గౌరవం ఆయనలో చివరివరకు కనిపించాయి.

బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో కొంతకాలం పనిచేసిన అనంతరం 1946లో ఆయన అమెరికా వెళ్లారు. మినెసోటా విశ్వవిద్యాలయంలో 1947లో విమాన ఇంజనీరింగులో ఎం.ఎస్. పూర్తిచేసి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. కాల్‌టెక్‌గా పేరొందిన ఆ సంస్థలో ఆచార్య హన్స్ లీప్‌మన్ వద్ద పరిశోధన చేసి 1951లో డాక్టరేటు పొందారు.

గాలి రాపిడిపై పరిశోధన

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆ సంవత్సరాలలో విమాన శాస్త్రం ఒక గడ్డుదశను దాటుతున్నది. 1947 అక్టోబరులో అమెరికాలో మానవసహిత విమానం తొలిసారిగా ధ్వని వేగాన్ని అధిగమించింది. సముద్ర మట్టం వద్ద ధ్వని వేగం గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు. ఆ వేగాన్ని సమీపించే కొద్దీ గాలి ప్రవర్తన పూర్తిగా మారిపోతుంది. విమానం ముందున్న గాలికి పక్కకు తొలగే వ్యవధి ఉండదు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి షాక్ తరంగాలు ఏర్పడతాయి. వాటి వెనుక పీడనం, ఉష్ణోగ్రత హఠాత్తుగా పెరుగుతాయి. విమానం ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఉండే పలుచని గాలి పొరను ఈ తరంగాలు తాకినప్పుడు ఆ పొర చెదరిపోయి, విమానం అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది.

ధవన్ ఎంచుకున్నది ఈ పలుచని పొరనే. గాలి ఒక ఉపరితలాన్ని ఎంత బలంతో ఒరుసుకుపోతుందో అప్పటివరకు ఎక్కువగా పరోక్ష పద్ధతులలో లెక్కగట్టేవారు. ధవన్ ఆ రాపిడిని నేరుగా కొలిచే పరికరాన్ని రూపొందించారు. చదునైన పలకలో ఒక చిన్న ముక్కను మిగిలిన భాగానికి అంటకుండా విడిగా అమర్చి, గాలి తాకిడికి అది జరిగే అతి స్వల్ప దూరాన్నిబట్టి రాపిడిని నిర్ణయించారు. ధ్వనికి లోపు వేగాలలోనూ, ధ్వనిని మించిన వేగాలలోనూ ఈ కొలతలు ఫలించాయి. లీప్‌మన్, రోష్కోలతో కలిసి షాక్ తరంగాలు గాలి పొరను తాకి తిరిగివచ్చే తీరుపై ఆయన చేసిన పరిశోధనను కూడా అమెరికా జాతీయ వైమానిక సలహా సంఘం నివేదికగా ప్రచురించింది. అమెరికాలో మంచి భవిష్యత్తు ఉన్నప్పటికీ 1951లోనే ధవన్ స్వదేశానికి తిరిగివచ్చి, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరుగా చేరారు.

దేశంలో తొలి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్

భారతీయ విజ్ఞాన సంస్థలో విమాన ఇంజనీరింగు శాఖ 1942లో ప్రారంభమైంది. ధవన్ చేరేనాటికి ధ్వనిని మించిన వేగాలలో ప్రయోగాలు జరిపే సౌకర్యం దేశంలో ఎక్కడా లేదు. విదేశాల నుంచి భారీ యంత్రాలు తెప్పించుకునే ఆర్థిక స్థోమత కూడా ఆనాటి సంస్థలకు లేదు. ఈ పరిస్థితులలో ఆయన చిన్నగా ప్రారంభించాలని నిశ్చయించారు. ఒక అంగుళం వెడల్పు, 3 అంగుళాల ఎత్తు గల పరీక్షా భాగంతో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ను అందుబాటులో ఉన్న వనరులతోనే నిర్మించారు. మనిషి అరచేతితో మూసివేయగలిగినంత చిన్న కిటికీ అది. భారతదేశంలో సూపర్‌సోనిక్ పరిశోధన అక్కడే మొదలైంది.

ఇటువంటి టన్నెల్ పనిచేసే విధానం తెలుసుకోదగినది. గాలిని పంకాతో తోసినంత మాత్రాన అది ధ్వని వేగాన్ని దాటదు. ముందుగా గాలిని కంప్రెసర్లతో పెద్ద ట్యాంకులలో అధిక పీడనంతో నింపుతారు. కవాటం తెరవగానే ఆ గాలి క్రమంగా సన్నబడి, తిరిగి వెడల్పయ్యే నాజిల్ గుండా దూసుకుపోతుంది. అన్నింటికంటే ఇరుకైన కంఠభాగం వద్ద గాలి సరిగ్గా ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి మార్గం వెడల్పయ్యే కొద్దీ, సాధారణ అనుభవానికి విరుద్ధంగా, గాలి వేగం తగ్గక మరింత పెరుగుతుంది. పరీక్షా భాగం వైశాల్యం కంఠభాగానికి సుమారు 1.7 రెట్లు ఉంటే ధ్వనికి రెండింతల వేగం, అనగా మాక్ 2, లభిస్తుంది. వేగం మార్చవలసివస్తే నాజిల్ ఆకృతినే మార్చాలి.

గాలి అంత వేగంగా వ్యాకోచించినప్పుడు విపరీతంగా చల్లబడుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న గాలి మాక్ 2 వద్ద సున్నాకు దిగువన 100 డిగ్రీల సెల్సియస్‌కు పైగా చల్లబడుతుంది. గాలిలో ఏమాత్రం తేమ ఉన్నా అది మంచుపొగగా మారి కొలతలను పాడుచేస్తుంది. అందువలన ట్యాంకులలో నింపడానికి ముందే గాలిని పూర్తిగా ఆరబెట్టాలి. పరీక్షించవలసిన నమూనాను వెనుకనుంచి సన్నని కడ్డీపై నిలుపుతారు. దానిలో అమర్చిన సూక్ష్మమైన త్రాసు నమూనాపై పడే బలాలను నమోదు చేస్తుంది. కంటికి కనిపించని షాక్ తరంగాలను, గాలి సాంద్రతలోని తేడాలకు వెలుతురు వంగే గుణం ఆధారంగా, ష్లీరెన్ అనే పద్ధతిలో ఛాయాచిత్రాలుగా తీస్తారు. ట్యాంకు నింపడానికి చాలాసేపు పట్టినా పరీక్ష కొద్ది క్షణాలలోనే ముగుస్తుంది. అందుకే ప్రతి పరీక్షకు ముందు ఏమి కొలవాలో, ఎందుకు కొలవాలో స్పష్టత ఉండాలి. ఈ క్రమశిక్షణను ధవన్ తన విద్యార్థులకు అలవరచారు.

ఆ విద్యార్థులలో అగ్రగణ్యుడు రొద్దం నరసింహ. గాలి ప్రవాహం ప్రశాంత స్థితి నుంచి అల్లకల్లోల స్థితికి మారే దశపై ధవన్, నరసింహ కలిసి 1958లో ప్రచురించిన పరిశోధనా పత్రం అంతర్జాతీయంగా నేటికీ ప్రస్తావనకు వస్తున్నది. నరసింహ అనంతర కాలంలో జాతీయ వైమానిక ప్రయోగశాల సంచాలకులుగా పనిచేసి 2020 డిసెంబరులో కన్నుమూశారు.

జాతీయ స్థాయి సౌకర్యాలకు పునాది

1955లో ధవన్ విమాన ఇంజనీరింగు శాఖ ఆచార్యులుగా, శాఖాధిపతిగా నియమితులయ్యారు. చిన్న టన్నెల్‌లో గడించిన అనుభవం, అక్కడ శిక్షణ పొందిన యువ ఇంజనీర్లు పెద్ద సౌకర్యాల నిర్మాణానికి పునాదిగా నిలిచారు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967లో 1.2 మీటర్ల ట్రైసోనిక్ విండ్ టన్నెల్ పనిచేయడం ప్రారంభించింది. ధ్వనికి లోపు, ధ్వనికి సమాన, ధ్వనిని మించిన వేగాలు మూడింటిలోనూ పరీక్షలు జరిపే వీలున్నందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. మాక్ 0.2 నుంచి మాక్ 4 వరకు గాలి వేగాన్ని అందులో కల్పించవచ్చు. ఎస్.ఎల్.వి.-3, ఎ.ఎస్.ఎల్.వి., పి.ఎస్.ఎల్.వి., జి.ఎస్.ఎల్.వి. రాకెట్ల నమూనాలు, తేజస్ యుద్ధ విమానం నమూనాలు ఈ టన్నెల్‌లో పరీక్షకు నిలిచినవే. ఒక అంగుళం వెడల్పుతో మొదలైన ప్రయత్నం పదిహేనేళ్లు గడిచేసరికి ఒక దేశపు విమాన, రాకెట్ కార్యక్రమాల బరువును మోయగలిగిన స్థాయికి చేరింది.

విజ్ఞాన సంస్థ సారథిగా

1962లో ధవన్ భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 42 సంవత్సరాలు. 1981 వరకు ఆ పదవిలో కొనసాగి, ఆ సంస్థకు అత్యధిక కాలం సంచాలకులుగా పనిచేసిన ఘనత పొందారు. అణు జీవభౌతికశాస్త్రం, పర్యావరణశాస్త్రం వంటి కొత్త విభాగాలకు ఆయన హయాంలో చోటు లభించింది. శాస్త్ర సాంకేతిక ఫలాలను గ్రామాలకు చేర్చే ఉద్దేశంతో 1974లో ఆస్త్ర అనే కార్యక్రమం ప్రారంభమైంది. పొగరాని పొయ్యిలు, గోబర్ గ్యాస్, తక్కువ ఖర్చు గృహనిర్మాణం వంటి అంశాలు అందులో పరిశోధనకు వచ్చాయి. ధ్వని వేగాన్ని మించిన గాలిపై పరిశోధన చేసిన ఆచార్యుడు పల్లెటూరి వంటింటి పొగను కూడా శాస్త్రవేత్తలు పట్టించుకోదగిన సమస్యగానే పరిగణించారు.

అంతరిక్ష శాఖ బాధ్యతలు

1971 డిసెంబరు 30న డాక్టర్ విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించారు. ఆ సమయంలో ధవన్ సెలవుపై కాల్‌టెక్‌లో పరిశోధన చేస్తున్నారు. అంతరిక్ష కార్యక్రమానికి నాయకత్వం వహించవలసిందిగా నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ ఆయనను కోరారు. విజ్ఞాన సంస్థ సంచాలక పదవిని వదులుకోబోనని, అంతరిక్ష సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలని ధవన్ తెలియజేయగా ప్రభుత్వం అందుకు అంగీకరించింది. ఆయన తిరిగివచ్చేవరకు ఆచార్య ఎం.జి.కె. మీనన్ తాత్కాలికంగా బాధ్యతలు నిర్వహించారు. 1972 జూన్‌లో అంతరిక్ష సంఘం, అంతరిక్ష శాఖ ఏర్పాటయ్యాయి. అదే సంవత్సరం ధవన్ అంతరిక్ష సంఘం అధ్యక్షులుగా, శాఖ కార్యదర్శిగా, ఇస్రో అధ్యక్షులుగా బాధ్యతలు చేపట్టి 1984 వరకు కొనసాగారు.

వేర్వేరు నగరాలలో విడివిడిగా నడుస్తున్న బృందాలను ఆయన ఒక క్రమంలోకి తెచ్చారు. తిరువనంతపురంలోని రాకెట్ కేంద్రానికి డాక్టర్ బ్రహ్మప్రకాశ్‌ను, అహ్మదాబాద్ కేంద్రానికి ఆచార్య యశ్‌పాల్‌ను సంచాలకులుగా ఎంపికచేశారు. ఉపగ్రహ నిర్మాణ బాధ్యతను ఆచార్య యు.ఆర్. రావు నిర్వహించారు. ఎస్.ఎల్.వి.-3 ప్రాజెక్టు పగ్గాలు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం చేతిలో ఉన్నాయి. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట ఉపగ్రహం సోవియట్ రాకెట్‌పై కక్ష్యలోకి చేరింది. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారమయ్యాయి.

శ్రీహరికోట

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట దీవిని రాకెట్ ప్రయోగాలకు 1969లో ఎంపిక చేశారు. తూర్పుదిక్కుగా విశాల సముద్రం ఉండడం, భూమధ్యరేఖకు చేరువ కావడం, భూభ్రమణ వేగం రాకెట్‌కు తోడుకావడం ఈ ఎంపికకు కారణాలు. 1971 అక్టోబరు 9న రోహిణి సౌండింగ్ రాకెట్ ప్రయోగంతో అక్కడ కార్యకలాపాలు ఆరంభమయ్యాయి. తరతరాలుగా ఆ దీవిలో నివసిస్తూ వచ్చిన యానాదుల జీవితం ఈ కేంద్రం రాకతో మారిపోయింది. అనేక కుటుంబాలు నివాసాలను వదిలి తరలివెళ్లవలసి వచ్చింది. జాతి సాధించిన ప్రగతిని స్మరించుకునేటప్పుడు ఆ ప్రజల త్యాగాన్ని కూడా గుర్తుంచుకోవడం సముచితం.

1979 వైఫల్యం – 1980 విజయం

సుమారు 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువుతో నాలుగు దశల ఘన ఇంధన రాకెట్‌గా ఎస్.ఎల్.వి.-3 రూపొందింది. 40 కిలోల స్థాయి ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచడం దాని లక్ష్యం. రాకెట్ నేలను వీడిన తొలి నిమిషాలలోనే ధ్వని వేగాన్ని దాటుతుంది. దట్టమైన గాలిలో వేగం పెరుగుతూ పోయే ఆ దశలోనే రాకెట్ శరీరంపై గాలి ఒత్తిడి పతాకస్థాయికి చేరుతుంది. శిరోభాగం వద్ద, దశల అతుకుల వద్ద షాక్ తరంగాలు ముందుకు వెనుకకు కదులుతూ కంపనాలు పుట్టిస్తాయి. ఆ బలాలను తక్కువగా అంచనా వేస్తే రాకెట్ విరిగిపోవచ్చు, ఎక్కువగా అంచనా వేస్తే అనవసరమైన బరువు పెరిగి ఉపగ్రహాన్ని మోయలేకపోవచ్చు. విండ్ టన్నెల్ పరీక్షల అవసరం ఇక్కడే తెలియవస్తుంది.

1979 ఆగస్టు 10న తొలి ప్రయోగం జరిగింది. మొదటి దశ సక్రమంగా పనిచేసినా, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయిన కారణంగా రాకెట్ అదుపు తప్పి, 317 సెకన్ల అనంతరం బంగాళాఖాతంలో కూలిపోయింది. కౌంట్‌డౌన్ చివరి దశలో కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపివేసినా, నిపుణులతో సంప్రదించి ముందుకు సాగాలన్న నిర్ణయం తానే తీసుకున్నట్లు కలాం అనంతర కాలంలో అనేక సభలలో వివరించారు. అటువంటి సందర్భంలో ప్రాజెక్టు సంచాలకుని వైపు వేలు చూపడం పై అధికారికి కష్టమేమీ కాదు. ధవన్ అలా చేయలేదు. విలేకరుల సమావేశానికి తానే స్వయంగా హాజరై, వైఫల్యానికి బాధ్యత వహించి, శాస్త్రవేత్తల బృందంపై పూర్తి విశ్వాసం ప్రకటించారు. మరుసటి సంవత్సరం విజయం సాధించగలమన్న నమ్మకాన్ని వ్యక్తం చేశారు.

వైఫల్యానికి దారితీసిన లోపాన్ని గుర్తించి సరిదిద్దిన అనంతరం 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో ప్రవేశపెట్టింది. సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని ప్రయోగించగలిగిన దేశాలలో ఒకటిగా భారత్ నిలిచింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడే అవకాశాన్ని ధవన్ కలాంకే అప్పగించి తాను వెనుక నిలిచారు. ఓటమిని తన భుజాన వేసుకొని గెలుపును సహచరులకు పంచిన ఈ ఉదంతాన్ని కలాం రాష్ట్రపతి అయిన తరువాత కూడా పలుమార్లు స్మరించుకున్నారు.

ధవన్ నెలకొల్పిన సంప్రదాయం ఆయన పదవీ విరమణ అనంతరమూ పరీక్షకు నిలిచింది. 1987 మార్చి, 1988 జులై నెలలలో ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్ రెండుసార్లు విఫలమైంది. రెండో వైఫల్యంలో రాకెట్ దట్టమైన గాలిని చీల్చుకుపోతున్న దశలో అదుపు కోల్పోయింది. సంస్థ బయటి నిపుణులతో కూడిన సమీక్షా సంఘానికి ధవన్ శిష్యుడు రొద్దం నరసింహ నాయకత్వం వహించారు. లోపాలను దాచిపెట్టకుండా బయటివారి ముందుంచి సవరించుకున్న ఫలితంగా 1992 మే 20న మూడో ప్రయోగం విజయవంతమైంది.

ఉద్దానం తీరానికి అందిన ఫలం

ధవన్ హయాంలో రూపుదిద్దుకున్న మరో ప్రధాన కార్యక్రమం ఇన్సాట్. టెలిఫోన్, దూరదర్శన్ ప్రసారాలు, వాతావరణ పరిశీలన అనే మూడు అవసరాలను ఒకే ఉపగ్రహంతో తీర్చడం దీని విశిష్టత. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్న అనుభవం అప్పటికి రాష్ట్ర ప్రజల మనస్సులలో పచ్చిగానే ఉన్నది. 1982 ఏప్రిల్‌లో ప్రయోగించిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలలకే పనిచేయకుండా పోయింది. 1983 ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ ద్వారా ప్రయోగించిన ఇన్సాట్-1బి విజయవంతమై, సముద్రంపై కదిలే తుపానులను భూస్థిర కక్ష్య నుంచి నిరంతరం గమనించే అవకాశం కల్పించింది. 1980వ దశకంలోనే ఉపగ్రహం ద్వారా తీరప్రాంతాలకు నేరుగా తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు కూడా మొదలైంది.

ఈ కృషి విలువ శ్రీకాకుళం జిల్లాకు 2018లో ప్రత్యక్షంగా తెలిసివచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, మధ్య మధ్య 165 కిలోమీటర్ల వరకు వీచిన గాలులు ఉద్దానం కొబ్బరి తోటలను, జీడిమామిడి తోటలను నేలకూల్చాయి. విద్యుత్ స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. దశాబ్దాలపాటు పెంచుకున్న తోటలు ఒక్క రాత్రిలో పోవడంతో రైతు కుటుంబాలు తీవ్రంగా నష్టపోయాయి. ఏ ఉపగ్రహమూ చెట్టును కాపాడలేదు. అయితే తుపాను పుట్టుక నుంచి దాని గమనాన్ని ఉపగ్రహాలు, రాడార్ల సాయంతో గమనించి వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరికలు జారీచేయగలిగింది. మత్స్యకారులు వేటకు వెళ్లకుండా ఆపడానికి, లోతట్టు ప్రాంతాల వారిని తరలించడానికి ఆ వ్యవధి తోడ్పడింది.

ఆనాడు వాతావరణ శాఖకు చిత్రాలు అందించిన ఉపగ్రహాలలో ఒకటైన ఇన్సాట్-3డిఆర్ 2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుంచే జి.ఎస్.ఎల్.వి. రాకెట్‌పై కక్ష్యకు చేరింది. దాని బరువు 2,211 కిలోలు. ఇన్సాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న అక్కడి నుంచే నింగికెగసింది. సముద్రాన్ని పరిశీలించే ఓషన్‌శాట్ శ్రేణి ఉపగ్రహాలు కూడా శ్రీహరికోట నుంచి వెళ్లినవే. చేపలు లభించే అవకాశం ఉన్న ప్రాంతాల సమాచారాన్ని ఉపగ్రహాల ఆధారంగా హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం మత్స్యకారులకు అందిస్తున్నది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు గల రాష్ట్ర తీరానికి ఒక కొసన రాకెట్లు ఎగురుతుండగా, మరొక కొసన ఉన్న గ్రామాల భద్రతకు వాటి ప్రయోజనం అందుతున్నది.

పక్షుల వెంట

పదవీ విరమణ అనంతరం ధవన్ ప్రకృతి నిర్మించిన విమానాలపై దృష్టి సారించారు. పులికాట్ సరస్సు వద్ద పక్షులు ఎగిరే తీరును ఆసక్తితో పరిశీలించారు. రెక్కలు ఆడించకుండానే వేడిగాలి స్తంభాలపై తేలుతూ గంటల తరబడి పయనించే పెలికాన్ పక్షులు ఆయనను ఆకట్టుకున్నాయి. గాలి ప్రవాహ శాస్త్రం దృష్టితో పక్షుల ఎగురుటను వివరిస్తూ ఆయన రచించిన గ్రంథాన్ని భారతీయ విజ్ఞాన అకాడమీ 1991లో ప్రచురించింది. టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా వలసవచ్చి చెట్లపై గూళ్లు కట్టుకునే పెలికాన్‌లు కూడా ఆ జాతికి చెందినవే. విడిది ముగించుకొని అవి గాలిలో చక్కర్లు కొడుతూ పైకి లేచే దృశ్యంలో ధవన్ పరిశీలించిన సూత్రమే పనిచేస్తున్నది.

పురస్కారాలు – స్మృతి చిహ్నాలు

ధవన్ సేవలకు గుర్తింపుగా భారత ప్రభుత్వం 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది. 1977 నుంచి 1979 వరకు ఆయన భారతీయ విజ్ఞాన అకాడమీ అధ్యక్షులుగా వ్యవహరించారు. 1999లో జాతీయ సమైక్యతకు ఇచ్చే ఇందిరాగాంధీ పురస్కారం ఆయనను వరించింది. 2002 జనవరి 3న బెంగళూరులో ఆయన కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని నామకరణం జరిగింది. నాటి నెల్లూరు జిల్లాలోని ఈ కేంద్రం 2022లో జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చింది.

ఆయన తొలి కృషికి తగిన స్మారకం తిరువనంతపురంలో వెలసింది. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో ఒక మీటరు హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్, ఒక మీటరు షాక్ టన్నెల్ గల ప్రాంగణానికి 2017లో సతీష్ ధవన్ పేరు పెట్టారు. ధ్వనికి 5 రెట్లు దాటిన వేగాలను హైపర్‌సోనిక్ అంటారు. 2020 డిసెంబరు 19న హైదరాబాదులోని డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం క్షిపణి ప్రాంగణంలో మాక్ 5 నుంచి మాక్ 12 వరకు పరీక్షలు జరిపే హైపర్‌సోనిక్ టన్నెల్ ప్రారంభమైంది. 2022 డిసెంబరు 8న తిరువనంతపురంలో 160 మీటర్ల పొడవైన కొత్త ట్రైసోనిక్ టన్నెల్‌లో తొలి పరీక్ష జరిగింది. అంగుళం వెడల్పు టన్నెల్‌తో ప్రారంభమైన ప్రస్థానం ఏడు దశాబ్దాలలో ఈ స్థాయికి చేరుకున్నది.

ప్రభుత్వ యంత్రాంగంలో పనిచేసేవారికి, ప్రజలకు సమాచారం చేరవేసేవారికి ధవన్ జీవితం నుంచి గ్రహించదగినవి రెండున్నాయి. పెద్ద పనికి పూనుకునే ముందు చిన్న స్థాయిలో నిజాయితీగా పరీక్షించుకోవడం ఒకటి. ఫలితం ప్రతికూలమైనప్పుడు దానిని ప్రజలముందు ఒప్పుకొని, కారణం కనుగొని, తిరిగి ప్రయత్నించడం రెండవది. విండ్ టన్నెల్‌లో నమూనా విరిగితే నష్టం స్వల్పం, అక్కడ దాచిన లోపం ఆకాశంలో బయటపడితే నష్టం అపారం. తుపాను హెచ్చరిక అయినా, వంతెన నిర్మాణమైనా, సంక్షేమ పథకమైనా ఈ సూత్రం వర్తిస్తుంది. బంగాళాఖాతం మీదుగా శ్రీహరికోట రాకెట్లు సాగిపోయినంత కాలం, ఆ బాటను తీర్చిదిద్దిన ఆచార్య సతీష్ ధవన్ చిరస్మరణీయులుగా నిలుస్తారు.